రేకుల కింద ఏముంది?

మన ఇళ్లలో ఆడపిల్ల ఏం చదివిందని ఎవరైనా అడిగినప్పుడు డాక్టరనో, ఇంజనీరనో, టీచరనో, బ్యాంకు ఉద్యోగమనో చెబితే అడిగినవాళ్లకు తృప్తిగా ఉంటుంది. నేను "అర్బన్ ప్లానింగ్" అంటాను. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత, "అంటే ఇళ్ల ప్లాన్లు గీస్తావామ్మా?" అంటారు. ఇళ్లవి కాదండీ, ఊళ్లవి అని చెబుతాను. "ఊరికి ప్లానేమిటి? ఊరు ఊరికే పెరుగుతుంది కదా!" అన్నారు మా వీధి పెద్దాయన ఒకరు. ఆయన ఉండేది భివండీలో కనుక అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి తోడు, నా ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేసేది. ఆఫీసు హైదరాబాదులో ఉంది. ప్లాను గీయవలసిన ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. నా కుర్చీ, కంప్యూటరు మాత్రం భివండీ పద్మానగర్‌లో, మా ఇంటి మాలా మీద ఉన్నాయి. మధ్యలో దాదాపు 700 కిలోమీటర్ల దూరం. అంత దూరం నుంచి ఒక ఊరిని గీయడం సాధ్యమా, సాధ్యమైనా న్యాయమా అని చాలామంది అడిగారు. నన్ను నేను కూడా అడుగుకున్నాను. ఆ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు మన పత్రిక పాఠకులకు, ముఖ్యంగా సొంత గడ్డకు దూరంగా మూడు తరాలుగా బతుకుతున్న మనలాంటి కుటుంబాలకు, ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు మా ఊరి సంగతి. ఠాణేకు కూతవేటు దూరంలో ఉన్న భివండీని దేశమంతా మరమగ్గాల ఊరిగా ఎరుగును. మేము మాత్రం మరమగ్గమని ఎప్పుడూ అనం, "సాంచా" అంటాం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి చేతిమగ్గం మీద తిండి గడవక బయలుదేరిన పద్మశాలీ కుటుంబాలు కొన్ని షోలాపూర్‌కు, కొన్ని బొంబాయికి, కొన్ని సూరత్‌కు పోతే, మా తాత భివండీ చేరాడు. మొదట ఒక సేటు గాలాలో పన్నెండు గంటల పాళీ చేశాడు. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలై రెండు లక్షల పైచిలుకు కార్మికులు బయటికి వచ్చినప్పుడు, మిల్లుల్లో ఆగిన నేతలో కొంత భివండీ సాంచాల మీదికి వచ్చింది. ఆ రోజుల్లోనే బాపు పాత సాంచాలు నాలుగు కొన్నాడు. తర్వాత అవి ఎనిమిదయ్యాయి. ఇల్లు ముందు, రేకుల షెడ్డు వెనక. మధ్యలో ఒక్క గోడ.

ఈ రాకపోకలు ఒకవైపువి మాత్రమే కావు. భివండీలో సాంచా నడపడం నేర్చుకుని తిరిగి వెళ్లినవాళ్లే సిరిసిల్లలో సాంచాలు పాతుకోవడానికి కారకులయ్యారని ఆ ఊరి పెద్దలు చెబుతారు. అంటే మన ఊళ్ల రూపురేఖలను కూడా ఈ వలసలే కొంత మార్చాయి. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉంది.

2011 జనాభా లెక్కల్లో భివండీ నిజాంపూర్ మహానగరపాలిక పరిధిలో 7,09,665 మంది ఉన్నారు. ఊరి చుట్టూ పల్లెల్లో మరో కథ నడిచింది. అవి ఊరి హద్దు బయట, ఆక్ట్రాయ్ లేని చోట, ముంబైకి దగ్గర్లో, నాసిక్ హైవే పక్కన ఉండటంతో పొలాల్లో గోడౌన్లు లేచాయి. 2017లో జి.ఎస్.టి. వచ్చి ముంబై ఆక్ట్రాయ్ పోయినా గోడౌన్లు పోలేదు, పెరిగాయి. మీరు ఫోనులో ఆర్డరిచ్చిన మిక్సీ మీ ఇంటికి వచ్చేముందు మాన్కోలీ దగ్గరో, పూర్ణా దగ్గరో ఒక రాత్రి పడుకుని ఉండవచ్చు. ముందు గోడౌను, తర్వాత రోడ్డు, చివర కాలువ, ఆ తర్వాత ప్లాను. ఇదీ వరస. చుట్టుపక్కల 60 గ్రామాలకు ప్రణాళిక బాధ్యత ఎం.ఎం.ఆర్.డి.ఏ.కు అప్పగించారు కానీ, అప్పటికే లేచిన గోడలను కాగితం మీద గీసిన గీత కదిలించలేదు కదా.

ఊరు ఊరికే పెరిగితే ఏమవుతుందో 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున చూశాం. పటేల్ కాంపౌండ్‌లో జిలానీ బిల్డింగ్ అనే మూడంతస్తుల భవనం నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలింది. దాదాపు 40 మంది పోయారు. అప్పటికి నేను లాక్‌డౌన్ వల్ల హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. ఆ వారమంతా నేను కంప్యూటరు ముందు కూర్చుని గీస్తున్నది వేరే ఊరి రోడ్లు. చెవుల్లో పడుతున్నది మా ఊరి అంబులెన్సులు.

ఇక నేను చేసే పని. బాపుకు నేను చెప్పిన తీరే మీకూ చెబుతాను. బట్ట నేసేముందు తానా సాగదీసి బీముకు చుట్టాలి. తానా ఎంత వెడల్పో బట్ట అంతే వెడల్పు, ఆ తర్వాత ఎంత తిప్పలు పడ్డా పెరగదు. మాస్టర్ ప్లాను తానా లాంటిది. ఇరవయ్యేళ్లకు ఊరిలో ఎందరుంటారు, నీళ్లెక్కడివి, రోడ్డు ఎంత వెడల్పు, బడి ఎక్కడ, శ్మశానం ఎక్కడ, ఏ చోట ఇళ్లు, ఏ చోట ఫ్యాక్టరీలు అన్నది ముందే పరచడం. అడ్డం దారం జనం వేస్తారు. బాపు అంతా విని, "తానాల ఒక్క పోగు తెగితే బట్ట పొడుగంతా కనబడ్తది బిడ్డా, జాగ్రత్త" అన్నాడు. ప్లానింగ్ కాలేజీలో నాకు ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

2021 అక్టోబరులో కేంద్రం అమృత్ పథకం రెండో విడత ప్రారంభించింది. అందులో 50 వేల నుంచి లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాలకు కూడా ఉపగ్రహ చిత్రాల ఆధారంగా మాస్టర్ ప్లాన్లు తయారు చేయాలన్నారు. ఇలాంటి పటాలు 1:4000 స్కేలులో ఉంటాయి. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 40 మీటర్లు. ఆకాశం నుంచి తీసిన బొమ్మ మీద ప్రతి కప్పునూ గుర్తించి రంగు వేయాలి. ఇళ్లకు పసుపు, దుకాణాలకు నీలం, పరిశ్రమలకు ఊదా, బడి, గుడి, ఆసుపత్రి లాంటివాటికి ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. ఇది ఎక్కడ కూర్చుని అయినా చేయవచ్చు, అందుకే కంపెనీ ఇంటి నుంచి పనికి ఒప్పుకుంది.

మొదట్లో వీడియో మీటింగుల్లో నవ్వులాట జరిగేది. నేను మైకు తెరిస్తే చాలు, "మీ దగ్గర వాన పడుతోందా?" అని అడిగేవాళ్లు. వాన కాదు, వెనక షెడ్డులో ఎనిమిది సాంచాలు. అందరికీ వాన శబ్దంలా వినిపించేది నాకు పుట్టినప్పటి నుంచి లాలిపాట. అది ఆగితేనే నాకు మెలకువ వస్తుంది, కరెంటు పోయిందనో, బీము అయిపోయిందనో తెలుస్తుంది. నేను మాట్లాడవలసిన మీటింగు ఉంటే గోడ అవతలికి ముందే కబురు పెట్టేదాన్ని. బాపు రెండు సాంచాలు ఆపేవాడు. పది నిమిషాలు దాటితే అమ్మ మెట్ల కింద నుంచి, "అయిందా? గంటకు ఎన్ని మీటర్లు పోతయో తెల్సా?" అని కేకేసేది. మన ఆఫీసుల్లో మీటింగులన్నిటికీ ఇలాంటి లెక్క ఒకటి ఉంటే ఎంత బాగుండును!

2022లో ఒక చిన్న పట్టణం పని నాకు వచ్చింది. ఊరి పేరు చెప్పను, నేతపని ఉన్న ఊరు అంటే చాలు. నా వంతుకు వచ్చిన మూడు వార్డుల్లో ఒక చోట నా చెయ్యి ఆగిపోయింది. ఇరుకు వీధులు, వరసగా పెంకుటిళ్లు, డాబాలు, ప్రతి ఇంటి వెనకా పొడవాటి రేకుల కప్పు. పని సూత్రం ప్రకారం అవన్నీ ఇళ్లు, వెనకవి పశువుల కొట్టాలో, సామాన్ల షెడ్లో. మొత్తానికి పసుపు రంగు వేసి ముందుకు పోవాలి. కానీ ఆ కప్పుల పొడవు, వాటి మీద వరసగా అతికించిన వెలుతురు రేకులు, పక్కనే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నీడ చూస్తే, నాకు మా ఇల్లు పైనుంచి చూసినట్టే ఉంది. ఆకాశం నుంచి తీసిన బొమ్మలో చప్పుడు వినిపించదు. నాకు వినిపించింది.

"ఈ వీధుల్లో షెడ్ల లోపల ఏముందో సర్వేవాళ్లతో చూపించండి" అని పై అధికారికి రాశాను. ఆయనకు అది నచ్చలేదు. గడువు దగ్గర పడింది, మనుషుల్ని మళ్లీ పంపితే ఖర్చు. "నువ్వు ఆ ఊళ్లో అడుగే పెట్టలేదు, నీకెలా తెలుసు?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. "ఊరు తెలియదు సార్, ఆ రేకులు తెలుసు" అన్నాను. వీధుల పేర్లు, ఇళ్ల వరసలు రాసి ఒక జాబితా పంపాను. నాలుగు రోజుల తర్వాత సర్వే కుర్రాళ్లు తెచ్చిన లెక్కలో ఆ షెడ్లలో ఎక్కువ భాగం సాంచాలవే. కొన్నింట్లో రెండు, కొన్నింట్లో ఆరు. కండెలు చుట్టే పని వరండాల్లో ఆడవాళ్లది.

ఏ రంగు వేస్తే ఏముంది, రంగే కదా అనుకోకండి. ఆ చోటు మొత్తం పసుపు చేస్తే, ప్లాను ఆమోదం పొందిన నాటి నుంచి ఆ సాంచాలు ఉండకూడని చోట ఉన్నట్టు లెక్క. కొత్త సాంచా పెట్టుకోవాలన్నా, షెడ్డు బాగు చేసుకోవాలన్నా, బ్యాంకులో అప్పు అడగాలన్నా ఆ మాట అడ్డం వస్తుంది. పొరుగువాడికి కోపం వచ్చి ఒక్క అర్జీ పెడితే చాలు. పోనీ అంతా ఊదా చేద్దామా అంటే, అది పరిశ్రమల స్థలం అవుతుంది. రేపు అదే చోట ఇల్లు పడగొట్టి కట్టుకుంటానంటే అనుమతి దొరకదు, కానీ బయటి నుంచి ఎవరో వచ్చి రంగుల అద్దకం ఫ్యాక్టరీ పెడతానంటే దారి దొరుకుతుంది. రెండు రంగుల్లో ఏది వేసినా సగం బతుకు పటం బయట ఉండిపోతుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. బాపు, "ఇంట్ల సాంచా ఉంటే అది ఇల్లు కాదా? ఇల్లు దూరం, సాంచా దూరం అంటే మీ అమ్మ కండెలు ఎప్పుడు చుట్టాలె, మీకు అన్నం ఎప్పుడు పెట్టాలె?" అన్నాడు. అమ్మ ఊరుకోలేదు. "మీ బాపుకు అన్నం యాదికున్నది. నాకు నిద్ర యాదికున్నది. మీ తమ్ముడు చిన్నప్పుడు దూది పెట్టుకుని చదివిండు. మీ అవ్వకు చివరికి మన మాటే వినపడలే. ఇంకో ఊరి పిల్లలకు కూడా గదే రాసిపెడ్తవా?" అంది.

ఇద్దరిదీ నిజమే. కిటికీ తెరిస్తే నూలు దుమ్ము, మూస్తే ఉక్క. పై అంతస్తుల్లో సాంచాలు పెట్టిన బిల్డింగులు రోజుకు ఇరవై నాలుగు గంటలూ అదురుతుంటాయి. మా పక్క సందులో మంటలు లేస్తే ఫైరింజను లోపలికి రాలేక పైపులు భుజాల మీద మోసుకొచ్చారు. ఇంటి పక్క సాంచా ఎంత తిండి పెట్టిందో తెలిసినవాళ్లం, ఎంత తినేసిందో కూడా తెలిసినవాళ్లం. బయటి నుంచి వచ్చి "ఆహా, ఇల్లే కర్మాగారం!" అని మురిసిపోయే రాతలు నాకు నచ్చవు. ఎత్తివేయండి అనే నోట్లూ నచ్చవు.

చివరికి నేను రాసిన ప్రతిపాదన అమ్మదీ, బాపుదీ కలిపినదే. ఆ మూడు వీధుల వరకు మిశ్రమ వినియోగం అని చూపించాలి. ఇప్పుడున్న సాంచాలు ఉండవచ్చు, కానీ నేల మీదే, మేడల మీద కాదు. ఇంటికి ఇన్ని అని హద్దు ఉండాలి. పడకగదికి, షెడ్డుకు మధ్య ఖాళీ ఉండాలి. ప్రతి వీధికి కనీసం ఒక వైపు నుంచి ఫైరింజను వచ్చే వెడల్పు దొరకాలి. అద్దకానికి, రసాయనాలకు అక్కడ చోటు లేదు. పెద్దగా పెరగదలచినవాళ్లకు ఊరి బయట షెడ్ల స్థలం, అక్కడికి నడిచి పోగల దారి. కొత్తవేమీ కాదు, మిశ్రమ వినియోగమన్నది మా పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న మాటే. దాన్ని ఏ వీధికి తగిలించాలో మాత్రం పుస్తకంలో ఉండదు.

ఆ ఊరికి తర్వాత స్వయంగా వెళ్లాను. బయటి ఊరి పిల్లననే అనుకున్నారు. ఒక పెద్దమ్మ వరండాలో కండెలు చుడుతూ "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగింది. భివండీ అన్నాను. ఆవిడ చెయ్యి ఆగింది. "గట్లనా! మా ఆయన గాడనే పదేండ్లు సాంచా నడిపిండు. ఈ రెండూ ఆ పైసలతోనే పెట్టినం" అని వెనక షెడ్డు చూపించింది. నాకు మాట రాలేదు. ఆకాశం నుంచి నేను గుర్తుపట్టినది పరాయి ఊరి కప్పును కాదు. మా ఊళ్లో నేర్చుకుని పోయిన చేతులు వేసుకున్న కప్పును.

ఆవిడే నన్ను చెరువు దగ్గరకు తీసుకెళ్లింది. మా పటంలో అది నీలం మచ్చ, చుట్టూ గట్టు మీద రోడ్డు వేద్దామని ఒక గీత. బతుకమ్మ నాడు ఆడవాళ్లు దిగే మెట్లు సరిగ్గా ఆ గీత కింద ఉన్నాయి. మా వీధి ఆడవాళ్లం కామత్‌ఘర్ వరాలదేవి చెరువుకు బతుకమ్మలు మోసుకుపోయేటప్పుడు లారీల మధ్య రోడ్డు దాటడం ఎంత కష్టమో నాకు తెలుసు. గీత కాస్త జరిపించాం. ముసాయిదా బయట పెట్టాక అభ్యంతరాలు వచ్చాయి. సాంచాలు పూర్తిగా తీసేయమన్నవాళ్లున్నారు, హద్దే వద్దన్నవాళ్లున్నారు. కొన్ని షరతులు మారాయి, మిశ్రమ వినియోగం అన్న మాట నిలిచింది.

2023లో కంపెనీ అందరినీ ఆఫీసుకు రమ్మంది. ఇంట్లో మళ్లీ చర్చ. తమ్ముడు అప్పటికే గోడౌనులో సూపర్‌వైజరుగా చేరాడు, సాంచాల వైపు చూడడు. బాపుకు ఒక చెవి సరిగా వినపడదు, లెక్కలు నేను చూడాలి. జీతం కాస్త తగ్గించుకుని, నెలలో ఒక వారం ఊళ్లు తిరగడానికి, మిగతా రోజులు ఇంటి నుంచి పనికి ఒప్పించుకున్నాను. ఎనిమిది సాంచాల్లో నాలుగు పాత ఇనుము కింద పోయాయి. ఆ రోజు బాపు అన్నం తినలేదు. మిగిలిన నాలుగు నడుస్తున్నాయి. ఇంకెన్నాళ్లో ఎవరూ అడగం.

దూరం నుంచి ఊరిని గీయడం న్యాయమా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. గీయవచ్చు, ఆ రేకుల కింద ఏముందో ఎవరో ఒకరు చెబితే. ఎవరూ చెప్పకపోతే ఆ ఊళ్లోనే కూర్చుని గీసినా తప్పే వస్తుంది.

ఇప్పుడు మన సంగతి. మనం ఎక్కడున్నా "మనకెందుకులే, మనం బయటివాళ్లం" అనే అలవాటు ఒకటి ఉంది. మార్కండేయ జయంతి చేస్తాం, బతుకమ్మ ఆడతాం, తెలుగు బడి కోసం తిరుగుతాం. ఉండే ఊరి పటం మాత్రం ఎన్నడూ చూడం. మహారాష్ట్రలో 1966 నాటి చట్టం ప్రకారం డెవలప్‌మెంట్ ప్లాను ముసాయిదాను జనానికి చూపించి, గడువు ఇచ్చి, సూచనలు, అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. వాటిని ప్లానింగ్ కమిటీ విచారించాలి. ఇతర రాష్ట్రాల్లోనూ ఇలాంటి దారులున్నాయి. మీరు అక్కడ పుట్టారా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఆ కాగితం అడగదు.

మీ ఊళ్లో ముసాయిదా పెట్టినట్టు పేపర్లో చూస్తే, సంఘం తరఫున నలుగురు వెళ్లండి. పటంలో మీ వీధి వెతకండి. ఏ రంగు వేశారో, రోడ్డు మీ ఇంటి మీదుగా పోతోందో, పక్క నుంచి పోతోందో, పిల్లలు ఆడే ఖాళీ జాగా ఏమైందో చూడండి. ఇంట్లో కుట్టుమిషన్లు ఉంటే, పచ్చళ్లు పెట్టి అమ్ముతుంటే, ట్యూషన్లు చెబుతుంటే, ఆ మాట రాసి ఇవ్వండి. మరాఠీ రాకపోతే పిల్లల చేత రాయించండి, వాళ్లకు మనకంటే బాగా వచ్చు. ఇచ్చిన కాగితానికి ముద్ర వేయించుకుని నకలు దాచుకోండి. గీసేవాళ్లు ఎక్కడో దూరంగా ఉంటారు. వాళ్లకు కనిపించేది కప్పు మాత్రమే. దాని కింద ఎవరున్నారో మనమే చెప్పాలి.